ఆధార్ నంబర్‌లో చివరి అంకె ఎందుకుందో కౌంటర్‌లో కూర్చునేవాళ్లకు చెప్పండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. మాది తెనాలి. ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఉత్తరం కాస్త పొడుగైంది, కోసేటప్పుడు చివరి అంకె గురించి రాసిన భాగం మాత్రం ఉంచమని కోరుతున్నాను.

మా వదినగారు దుగ్గిరాల దగ్గర ఒక పల్లెలో ఒంటరిగా ఉంటారు. డెబ్భై ఒక్క ఏళ్లు. ఎకరంన్నర పొలం ఉంది, పసుపు వేస్తారు. పొలం మీద రావలసిన సాయం డబ్బులు ఆమెకు అయిదు నెలలపాటు రాలేదు. ఏ పథకమో, ఏ ఆఫీసో రాయను. అక్కడ పనిచేసేవాళ్లను తప్పు పట్టడానికి కాదు ఈ ఉత్తరం. వెళ్లినప్పుడల్లా ఆమెకు చెప్పిన మాట ఒక్కటే: "మీ ఆధార్ తప్పని వస్తోందమ్మా, వెళ్లి అప్‌డేట్ చేయించుకోండి." ఆమె రెండుసార్లు ఆధార్ సెంటర్‌కు వెళ్లారు. పొద్దున ఎనిమిదింటికి వెళ్లి క్యూలో నిలబడితే మధ్యాహ్నానికి వంతు వచ్చింది. పసుపు పనిలో అరిగిపోయిన వేళ్లు, ముద్ర పడదు. చేతులు కడుక్కుని రమ్మన్నారు, తుడుచుకుని పెట్టమన్నారు. ఎలాగో అయింది. మళ్లీ ఆఫీసుకు వెళితే మళ్లీ అదే మాట. "అమ్మాయ్, నా ఆధార్ చచ్చిపోయిందట" అని నాకు ఫోన్ చేసి చెప్పినప్పుడు ఆమె గొంతు విని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు నేనూ వెంట వెళ్లాను. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు మంచివాడే, మర్యాదగానే మాట్లాడాడు. "బాబూ, ఆ స్క్రీన్ ఒకసారి ఇటు తిప్పు, నేను కార్డు చూసి చదువుతాను, నువ్వు అక్కడ చూసుకో" అన్నాను. ఒక్కో అంకే చదువుతూ పోయాను. ఏడో అంకె దగ్గర కుర్రాడు ఆగిపోయాడు. కార్డు మీద 4, 7 ఉంటే వాళ్ల షీటులో 7, 4 అని ఉంది. అంతే. రెండు నిమిషాల పని. వదినగారి ఆధార్‌లో మొదటినుంచీ ఏ తప్పూ లేదు. టైపు చేసిన చోట పక్కపక్కన ఉన్న రెండు అంకెలు చోటు మార్చుకున్నాయి. అది ఎక్సెల్ షీటులో ఉండిపోయింది, షీటు పైకి వెళ్లింది, పైన కంప్యూటర్ ఈ నంబర్ చెల్లదని తిప్పి పంపింది. ఆ 'చెల్లదు' అన్న మాట కిందికి వచ్చేసరికి 'మీ ఆధార్ తప్పు' అయి కూర్చుంది.

నాకు బాధ కలిగించింది ఆ టైపింగ్ తప్పు కాదు. రోజంతా పన్నెండంకెల నంబర్లు కొట్టే మనిషి చెయ్యి ఎక్కడో ఒకచోట తడబడుతుంది. సరిగ్గా ఇలాంటి తడబాటును పట్టుకోవడానికే ఆధార్ నంబర్‌లో ఒక అంకెను కేటాయించారు. అది ప్రతి కార్డు మీదా ఉంది, మా వదినగారి కార్డు మీదా ఉంది. ఆ అంకె తన పని తాను చేసింది కూడా. తప్పు నంబర్ దాన్ని దాటి వెళ్లలేకపోయింది. కాకపోతే ఆ సంగతి కౌంటర్ దగ్గర ఎవరికీ తెలియదు.

ఆ రోజు ఆ కుర్రాడే నాతో అన్నాడు: "మేడమ్, మొదటి నాలుగంకెలు రాష్ట్రం, తర్వాతి నాలుగు జిల్లా, చివరి నాలుగు మనిషి కదా, జిల్లా దగ్గర తేడా వచ్చుంటుందనుకున్నాం." ఈ మాట నేను అంతకుముందు వాట్సాప్‌లోనూ చూశాను. మా కాలనీ గ్రూపులో వచ్చింది, మా పాత స్టాఫ్ గ్రూపులోనూ వచ్చింది. చదువుకున్నవాళ్లే నమ్ముతున్నారు. కార్డు మీద నాలుగేసి అంకెల తర్వాత ఖాళీ వదలడం వల్ల వచ్చిన అపోహ ఇది అనుకుంటాను. ఆ ఖాళీ కంటికి సులువుగా ఉండడానికి మాత్రమే. ఆ మూడు ముక్కలకూ వేరువేరు అర్థాలేమీ లేవు.

ఆధార్ నంబర్‌లో రాష్ట్రం లేదు, జిల్లా లేదు, పుట్టిన సంవత్సరం లేదు, ఆడా మగా లేదు, కులం లేదు, మతం లేదు. మొదటి అంకె 0, 1 కాకూడదు. ఆ తర్వాత పదకొండో అంకె దాకా ఏ వరసా లేకుండా వచ్చేవే. 2016లో చేసిన ఆధార్ చట్టంలోనే, నాలుగో సెక్షన్‌లో ఉంది ఇది: నంబర్ యాదృచ్ఛికంగా ఉండాలి, ఆ మనిషి వివరాలతో దానికి ఏ సంబంధమూ ఉండకూడదు. ఒకరికిచ్చిన నంబర్ మరొకరికి ఇవ్వకూడదని కూడా అక్కడే ఉంది.

ఇది ఎంత మంచి నిర్ణయమో మన తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. 2010లో మొదటి ఆధార్ నంబర్ ఇచ్చినప్పుడు మనది ఒకటే రాష్ట్రం. 2014లో రెండయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. నేను అయిదేళ్లు పనిచేసిన రేపల్లె అప్పుడు గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. నరసరావుపేట పల్నాడు జిల్లా అయింది. నంబర్‌లో జిల్లా కోడ్ పెట్టి ఉంటే రేపల్లెలో ఉన్న నా శిష్యులందరి నంబర్లూ ఒక్క రాత్రిలో పాతబడిపోయేవి. బండ్ల నంబర్లు చూడండి. తెలంగాణలో ఏపీ పోయి టీఎస్ వచ్చింది, 2024లో టీజీ వచ్చింది. జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండంకెలు రాష్ట్రానివే, తెలంగాణది 36, మనది 37. ఉమ్మడి రాష్ట్రం కోడ్ 28.

ఊరికి ఇచ్చే నంబర్ ఊరి గురించి చెప్పాలి, కాదనను. పిన్‌కోడ్ అలాంటిదే. 1972 ఆగస్టు 15న మొదలైంది. మా తెనాలి 522201లో మొదటి 5 చూడగానే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల వైపు అని తెలుస్తుంది, 522తో గుంటూరు వైపు అని తెలుస్తుంది, చివరి మూడంకెలు పోస్టాఫీసును పట్టిస్తాయి. ఉత్తరం చేరాలంటే అది అవసరం. కానీ మనిషి ఊరు మారతాడు, ఇల్లు మారతాడు, కొందరు పేరు మారతారు. మనిషి నంబర్‌లో అవన్నీ గుచ్చిపెడితే ఏమవుతుందో నా పాన్ కార్డు చూస్తే తెలుస్తుంది.

పాన్‌లో పది గుర్తులు. మొదట అయిదు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. మొదటి మూడు అక్షరాలు వరసలో వచ్చేవి. నాలుగో అక్షరం ఆ పాన్ ఎవరిదో చెబుతుంది. మామూలు మనిషిదైతే 'పి', కంపెనీదైతే 'సి', హిందూ అవిభక్త కుటుంబానిదైతే 'హెచ్', ట్రస్టుదైతే 'టి'. అయిదో అక్షరం మనిషి ఇంటిపేరులో మొదటి అక్షరం. కచ్చితంగా చెప్పాలంటే, ఫారంలో 'లాస్ట్ నేమ్' అన్న గడిలో ఏం రాశామో దాని మొదటి అక్షరం.

చిక్కంతా అక్కడే. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. 'లాస్ట్' అంటే చివరిది కదా అని మా స్టాఫ్‌రూమ్‌లో సగం మంది తమ పేరు రాశారు, సగం మంది ఇంటిపేరు రాశారు. ఒకే స్కూల్లో పక్కపక్కన కూర్చునేవాళ్లకు అయిదో అక్షరం ఒకరికి ఇంటిపేరుది, ఒకరికి సొంత పేరుది. నా సర్టిఫికెట్లూ, సర్వీస్ రిజిస్టరూ పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నాయి, పాన్ కూడా దానితోనే తీసుకున్నాను. ఆధార్‌కు మాత్రం ఇంట్లోవాళ్లతో కలిపి ఇచ్చినప్పుడు మావారి ఇంటిపేరు పడింది. రెండూ లింక్ చేయాల్సి వచ్చినప్పుడు పేర్లు కలవడం లేదని వచ్చింది, ఆ నెలంతా టెన్షనే. చివరికి పాన్‌లో పేరు మార్పించుకున్నాను. పేరు మారింది, నంబర్ మారలేదు, మారదు కూడా. అందుకని నా పాన్‌లో అయిదో అక్షరం ఇప్పటికీ మా నాన్నగారి ఇంటిపేరుదే. నాకది సంతోషమే. కానీ "ఈ అక్షరం మీ ఇంటిపేరుతో కలవడం లేదు, ఇది మీ కార్డేనా" అని ఒక చోట నన్ను నిలబెట్టి అడిగారు. మార్పు తర్వాత కూడా పాన్ నంబర్ అదే ఉంటుందని ఆ కౌంటర్‌లో ఎవరో ఒకరికి తెలిసుంటే ఆ మాట నేను పడేదాన్ని కాదు. పెళ్లయిన ఆడవాళ్లు ఎందరో ఈ ప్రశ్న ఎదుర్కొంటున్నారు.

నంబర్‌లో మనిషి వివరాలు పెట్టడం ఇంతకంటే దారుణంగా జరిగిన చోట్లూ ఉన్నాయి. వర్ణవివక్ష రోజుల్లో దక్షిణాఫ్రికాలో మనిషి ఏ జాతివాడో అతని గుర్తింపు నంబర్‌లోనే ఉండేది. 1986లో దాన్ని తీసేశారు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ నంబర్ మొదటి మూడంకెలు ఏ ప్రాంతంలో తీసుకున్నారో చెప్పేవి, 2011 నుంచి ఆ పద్ధతి మానేశారు. మన ఆధార్ మొదటినుంచే ఏమీ చెప్పకుండా ఉంది. చెప్పకపోవడమే దాని గొప్ప.

ఇక చివరి అంకె సంగతి. పన్నెండు అంకెల్లో యాదృచ్ఛికం కానిది ఇదొక్కటే. ముందున్న పదకొండు అంకెల నుంచి లెక్క కట్టి తీసిన అంకె ఇది. ఈ లెక్కను 1969లో నెదర్లాండ్స్‌కు చెందిన యాకోబస్ వెర్హోఫ్ అనే గణితవేత్త కనిపెట్టాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు ఈ పేరు చెబితే, మూడు సాయంత్రాలు నోట్‌బుక్ పట్టుకుని కూర్చుని నేర్చుకున్నాను.

నంబర్ రాసేటప్పుడు మనుషులు ఎక్కువగా చేసే తప్పు ఒక అంకె బదులు ఇంకో అంకె వేయడం. ఆ తర్వాతది, పక్కపక్క అంకెలు తారుమారు కావడం. మన తెలుగులో డెబ్భై నాలుగు అంటే ఏడు ముందు, నాలుగు వెనక, రాసే వరసే పలికే వరస. హిందీలో 'చౌహత్తర్' అంటే నాలుగు ముందు పలుకుతుంది. డచ్చి భాషలోనూ అంతే. అయినా కంటికీ చేతికీ మధ్య తారుమారు కావడం ఏ భాషవాళ్లకైనా తప్పదు.

అంకెలన్నీ కూడి చూస్తే ఈ తారుమారు దొరకదు. 12345 కూడితే 15, 13245 కూడినా 15, 12354 కూడినా 15. కూడికకు వరసతో పని లేదు మరి. వెర్హోఫ్ కూడిక వదిలేసి, వరస మారితే జవాబు మారే పనిని ఎంచుకున్నాడు. నేను పిల్లలకు ఇలా చెబుతాను. అయిదు భుజాలూ, అయిదు కోణాలూ సమానంగా ఉన్న ఒక అట్టముక్క కత్తిరించండి, మూలలకు గుర్తులు పెట్టండి. అదే అచ్చులో దాన్ని ఎన్ని రకాలుగా పెట్టవచ్చు? ముందు వైపు అయిదు రకాలు, బోర్లా తిప్పితే ఇంకో అయిదు. మొత్తం పది. మన అంకెలూ పదే. ఒక్కో అంకెకు ఒక్కో కదలిక. ఇప్పుడు అట్టను ఒక మూల జరిపి ఆ తర్వాత బోర్లించండి. మళ్లీ మొదటినుంచి, ఈసారి ముందు బోర్లించి ఆ తర్వాత అదే వైపు ఒక మూల జరపండి. గుర్తులు వేరేచోట ఉంటాయి. రెండుసార్లూ జరపడమే అయితే వరస మారినా తేడా రాదు కదా అని తెలివైన పిల్ల ఎవరైనా తప్పక అడుగుతుంది. అందుకే ఆయన ఇంకో పట్టిక కూడా పెట్టాడు. అంకె ఏ స్థానంలో ఉందో దాన్నిబట్టి ముందు దాన్ని వేరే అంకెగా మార్చుకుని, ఆ తర్వాత అట్ట కదపాలి. అప్పుడు ఒక్క అంకె తప్పయినా దొరుకుతుంది, పక్కపక్క అంకెలు ఏవి తారుమారైనా దొరుకుతుంది. ఒక్కటీ జారిపోదు. నేను కాగితం మీద కట్టి చూశాను: 12345కు చివర చేరే అంకె 1. 13245కు 3. 12354కు 8. కూడికలో ఒకేలా కనబడిన మూడింటికీ మూడు వేరువేరు అంకెలు వచ్చాయి. ఆ రోజు నాకు కలిగిన ఆనందం క్లాసులో ఎన్నో ఏళ్లు సిద్ధాంతాలు చెప్పినప్పుడు కూడా కలగలేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. చివరి అంకె సరిపోయినంత మాత్రాన ఆ నంబర్ ఎవరికో ఇచ్చినదని కాదు. ఈ నియమాలకు సరిపోయే నంబర్లు మొత్తం ఎనిమిది వేల కోట్లు ఉంటాయి. మన జనాభాకు అందులో చిన్న భాగం చాలు. అంటే ఎవరైనా కాగితం మీద 'సరైన' నంబర్ పుట్టించగలరు. పూర్తిగా ఇష్టమొచ్చిన అంకెలు కొట్టినా పదింటిలో ఒకటి ఈ లెక్కకు సరిపోతుంది. ఈ అంకె టైపింగ్ పొరపాటును పట్టుకుంటుందే కానీ మోసాన్ని పట్టుకోలేదు. అలాగే, సరిచూస్తామని చెప్పే ఊరూపేరూ లేని వెబ్‌సైట్లలో ఎవరూ తమ నంబర్ కొట్టి చూడొద్దు. పిల్లలకు నేర్పేటప్పుడు నేనూ ఎవరి అసలు నంబరూ వాడను.

ఇప్పుడు నా విన్నపం. రైతుల పేర్లు, పిల్లల పేర్లు, ముసలివాళ్ల పేర్లు ఎక్సెల్ షీట్లలో ఎక్కించే ప్రతి ఆఫీసులోనూ ఆధార్ గడికి ఈ లెక్క తగిలించాలి. పన్నెండో అంకె కొట్టగానే తేడా ఉంటే ఆ గడి ఎర్రబడాలి. రెండు చిన్న పట్టికలతో అయ్యే పని ఇది. ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఒక పూటలో చేసిపెడతారు. మనిషి ఎదురుగా ఉండగానే, కార్డు చేతిలో ఉండగానే తప్పు దిద్దుకోవచ్చు. రెండోది, పైనుంచి తిరిగొచ్చే జవాబు తెలుగులో, విడమరిచి ఉండాలి. 'నంబర్ తప్పుగా కొట్టారు' అన్నది ఒక మాట, 'నంబర్ సరైనదే కానీ పేరు కలవలేదు' అన్నది వేరే మాట. మొదటిదాన్ని ఆఫీసువాళ్లే దిద్దాలి. రెండోదానికే కార్డుదారు తిరగాలి. ఈ రెండింటికీ కలిపి 'ఆధార్ తప్పు' అని ఒకే మాట రాయడం వల్ల డెబ్భై ఒక్క ఏళ్ల మనిషి తన తప్పు కాని తప్పుకు రెండుసార్లు క్యూలో నిలబడింది. అది నేను మరిచిపోలేకపోతున్నాను.

మీ పత్రికను కోరేది కూడా ఒకటుంది. జిల్లా పేజీలో ఒక మూల చిన్న గడి కట్టి, ఆధార్ అంకెల్లో రాష్ట్రం, జిల్లా లేవని, 'ఆధార్ చెల్లదు' అన్నప్పుడు ముందు స్క్రీన్ మీది అంకెలతో కార్డు అంకెలు ఒక్కొక్కటిగా చదివి చూడమని అడగాలని వేయండి. అడగడానికి జంకేవాళ్లు ఆ గడి కత్తిరించి కౌంటర్‌లో చూపించుకుంటారు.

వదినగారికి పాత నెలలవి కలిపి డబ్బులు మొన్న పడ్డాయి. ఆ కుర్రాడు తన షీటులో మిగతా నంబర్లు ఎలా సరిచూడాలో అడిగాడు. వచ్చే రెండో శనివారం వాళ్ల ఆఫీసుకు వెళుతున్నాను. తెనాలి చుట్టుపక్కల ఇంకెవరైనా పిలిచినా వస్తాను, బస్సు చార్జీలు కూడా అక్కర్లేదు. అట్టముక్క నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్,
తెనాలి.

(పేరు వేయవద్దని మనవి. వేస్తే మా వదినగారు ఎవరో ఊళ్లో తెలిసిపోతుంది.)